తక్కువ ధరకు దొరికే విడిది ఇల్లు: ఏ ప్రాంతంలో ఏం చూడాలి, కొన్నాక ఎలా కాపాడుకోవాలి

విడిది ఇల్లు కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎక్కడ చవక?’ అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఆ ప్రాంతంలో అసలు మీ పేరున రిజిస్టరవుతుందా? కొన్నాక, వాడకపోయినా ఏటా ఎంత ఖర్చు పడుతుంది? మీరు లేని నెలల్లో ఆ గాలి, ఆ నీళ్లు, ఆ చలి ఇంటిని ఏం చేస్తాయి? ఈ మూడిటికీ జవాబు ప్రాంతాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. ధర ఎందుకు తక్కువగా ఉందో కూడా సాధారణంగా వీటిలోనే ఎక్కడో దొరుకుతుంది.

కింది వరసలోనే వెళ్లండి. ఇల్లు నచ్చాక చట్టం చూద్దాంలే అనుకుంటే అడ్వాన్సు ఇరుక్కుంటుంది.

## 1. వెతకడానికి ముందు మీ వాడకం రాసుకోండి

ఒక కాగితం మీద ఇవి రాయండి. ఇంట్లో అందరితో కలిసి రాస్తే ఇంకా మంచిది.

- ఏడాదిలో నిజంగా ఎన్ని రాత్రులు ఉంటారు? ఆశపడే సంఖ్య వద్దు, గత రెండేళ్లలో దొరికిన సెలవులు చూసి రాయండి.
- ఏ నెలల్లో వెళ్తారు? వరసగా ఎన్నాళ్లు ఇల్లు మూతపడి ఉంటుంది?
- ఇంటి గుమ్మం నుంచి ఆ ఇంటి గుమ్మానికి ఎన్ని గంటలు?
- ఒక్కసారికి ఎంతమంది? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తారా?
- ఒక్క రూపాయి, ఒక్క డాలరు అద్దె రాకపోయినా ఈ ఇంటిని మోయగలరా?

చివరి ప్రశ్నకు ‘లేదు’ అని వస్తే అక్కడే ఆగండి. అది విడిది ఇల్లు కాదు, వ్యాపారం. దానికి లెక్క వేరు, లోను వేరు, లైసెన్సులు వేరు.

ప్రయాణం మూడు గంటలు దాటితే వారాంతపు వాడకం క్రమంగా పడిపోతుంది. విమానంలో వెళ్లాల్సిన ఇంటికి ఏడాదికి రెండు మూడుసార్లే వెళ్తారనుకుని లెక్కేసుకోండి. అంటే అక్కడ నమ్మకమైన మనిషి ఒకరు తప్పనిసరి. ఆ జీతం కూడా ఇంటి ఖర్చే.

## 2. చట్టం: కొనగలరా, ఉండగలరా, కట్టగలరా

ఆంక్షలు మూడు రకాలు. వీటిని విడివిడిగా అడగాలి. ఒకదానికి ‘పర్వాలేదు’ అన్నంత మాత్రాన మిగతా రెండూ తేలినట్టు కాదు.

ఎవరు కొనవచ్చు

మెక్సికోలో సముద్రతీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు ఇంటిని విదేశీయులు నేరుగా తమ పేరున పెట్టుకోలేరు. బ్యాంకు ట్రస్టు ద్వారా కొనాలి. ఆ ట్రస్టు కాలం 50 ఏళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. బ్యాంకుకు ఏటా రుసుము కట్టాలి.

థాయిలాండ్‌లో విదేశీయులకు భూమి మీద యాజమాన్యం ఉండదు. కాండోమినియం ఫ్లాటు కొనవచ్చు, అదీ ఆ భవనంలోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతానికి మించకుండా. కాబట్టి భవనంలో విదేశీయుల వాటా ఇంకా మిగిలుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

న్యూజిలాండ్ 2018లో తెచ్చిన సవరణతో అక్కడ నివాసం లేని విదేశీయులు చాలామటుకు ఇళ్లు కొనలేరు. ఆస్ట్రేలియా, సింగపూర్ పౌరులకు మినహాయింపుంది. కెనడాలో విదేశీయుల కొనుగోళ్ల మీద 2023లో మొదలైన నిషేధాన్ని 2027 జనవరి 1 వరకు పొడిగించారు. అయితే అది పట్టణ ప్రాంతాలకే. సరస్సుల పక్కనుండే కాటేజీల్లో చాలావాటికి వర్తించదు. డెన్మార్క్‌లో సమ్మర్ హౌస్ కొనాలంటే, అక్కడ నివాసం లేని, గతంలో ఐదేళ్లు ఉండని వాళ్లు ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. ఐరోపా సమాఖ్య పౌరులకూ ఇదే నిబంధన.

దేశం లోపల కూడా ఇలాంటి గీతలుంటాయి. భారతదేశమే చూడండి. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి కౌలుదారీ, భూసంస్కరణల చట్టం సెక్షన్ 118 ప్రకారం, ఆ రాష్ట్రపు వ్యవసాయదారు కానివాళ్లు భూమి కొనాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఉత్తరాఖండ్‌లో పురపాలికల పరిధి బయట, ఇతర రాష్ట్రాలవాళ్లు ఇంటి కోసం 250 చదరపు మీటర్లకు మించి కొనలేరు. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం అమల్లో ఉంది: అరకు, లంబసింగి, మారేడుమిల్లి ఈ పరిధిలోవే. అక్కడి భూమి గిరిజనేతరుల పేరున బదిలీ కాదు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు, బినామీ పేరు, 99 ఏళ్ల లీజు అంటూ చూపించే దారులేవీ కోర్టులో నిలవవు. అరకులో ‘మంచు కనిపించే ప్లాటు’ చవకగా వస్తోందంటే కారణం ఇదే.

ఎన్నాళ్లు ఉండవచ్చు

కొన్న ఇంట్లో ఏడాది పొడుగునా ఉండే హక్కు ఉంటుందని అనుకోవద్దు. డెన్మార్క్‌లో సమ్మర్ హౌస్ ప్రాంతాల్లో మార్చి 1 నుంచి అక్టోబరు 31 వరకు స్వేచ్ఛగా ఉండవచ్చు, మిగతా చలికాలంలో 9 వారాలకు మించకూడదు. బ్రిటన్‌లో హాలిడే పార్కుల్లో పెట్టే స్టాటిక్ కారవాన్‌లకు (కదలకుండా ఒకేచోట నిలిపే బండి ఇళ్లు) పార్కు లైసెన్సును బట్టి ఏడాదిలో కొన్ని వారాలు మూత. దాన్ని సొంత చిరునామాగా వాడుకోనివ్వరు. ఇది కాకుండా మీ వీసా ఎన్ని రోజులు ఉండనిస్తుందన్నది వేరే సంగతి. ఇల్లుంటే వీసా వస్తుందన్న మాట చాలా దేశాల విషయంలో తప్పు.

ఏం కట్టవచ్చు

స్విట్జర్లాండ్‌లో 2012 మార్చిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ఫలితంగా, విడిది ఇళ్లు 20 శాతం దాటిన మున్సిపాలిటీల్లో కొత్తవి కట్టనివ్వరు. పాతదాన్ని కొని పెంచుకుందామనుకుంటే కూడా పరిమితులున్నాయి.

స్పెయిన్ తీర చట్టం 1988 నాటిది. దాని ప్రకారం తీరరేఖ నుంచి 100 మీటర్ల వరకు రక్షిత మండలం. అప్పటికే పట్టణంగా ఉన్నచోట 20 మీటర్లు. భారతదేశంలో 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ కింద గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్లు, జనసాంద్రత ఎక్కువున్న గ్రామాల్లో 50 మీటర్లు కొత్త కట్టడాలకు నిషిద్ధం. ‘ఇల్లు ఎప్పటినుంచో ఉంది కదా’ అనేది జవాబు కాదు. అది తుపానులో కూలితే మళ్లీ కట్టుకోనిస్తారా అని అడగండి. చాలాచోట్ల కట్టుకోనివ్వరు.

ఈ అంచె దాటడానికి చేతిలో ఉండాల్సినవి:

- మీ పేరున రిజిస్టరు చేసుకోవచ్చని స్థానిక లాయరు రాసిచ్చిన అభిప్రాయం. అమ్మేవాళ్లు చూపించిన లాయరు వద్దు, మీరు పెట్టుకున్న లాయరే కావాలి.
- కనీసం 30 ఏళ్ల లింకు దస్తావేజులు, తాకట్టులు లేవని ధ్రువీకరణ.
- స్థలం ఏ వాడకం కింద నమోదైందో తెలిపే పత్రం: నివాసమా, వ్యవసాయమా, అడవా, విడిది మండలమా.
- రోడ్డు నుంచి ఇంటిదాకా దారి హక్కు. పక్కవాళ్ల తోటలోంచి నడిచే దారికి నోటిమాట సరిపోదు, కాగితం ఉండాలి.
- బావి, కాలువ, పైపు ఏదైనా సరే, నీటి హక్కు.

## 3. చవక ఏ రూపంలో వచ్చిందో గుర్తించండి

ఖాళీ పల్లె ఇల్లు. ఇటలీలో ముస్సోమెలి, సంబూకా, గాంజీ లాంటి ఊళ్లు 1 యూరో ఇళ్లతో పేరు పడ్డాయి. ఆ యూరో వెనక షరతులుంటాయి. డిపాజిట్ కట్టాలి, సాధారణంగా మూడేళ్లలో మరమ్మతు పూర్తి చేయాలి, లేకపోతే డిపాజిట్ పోతుంది. సన్న సందుల్లోకి లారీ రాదు, సామాను మనుషులు మోయాలి. కాబట్టి పనివాళ్ల ఖర్చే అసలు ధర. మరమ్మతు చేసి అమ్మకానికి పెట్టిన పక్కింటి ధర కూడా అడిగి, రెండూ పోల్చాకే నిర్ణయించుకోండి.

జపాన్‌లో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు 2023 గణన నాటికి దాదాపు 90 లక్షలు. విదేశీయులు కొనడానికి అడ్డేమీ లేదు. ముందు చూడాల్సింది భవన అనుమతి తేదీ. 1981 జూన్ 1 తర్వాత అనుమతి పొందినవి కొత్త భూకంప ప్రమాణాల కిందివి. అంతకుముందువైతే పటిష్ఠం చేసే ఖర్చు కలిపి లెక్కేయాలి.

రిసార్టు ఫ్లాటు. జపాన్‌లో నీగాతా ప్రాంతంలోని యుజావాలో స్కీ రిసార్టు ఫ్లాట్లు నమ్మలేనంత చవకగా కనిపిస్తాయి. 1980ల చివర్లో, 90ల మొదట్లో కట్టినవి అవి. నెలనెలా కట్టాల్సిన నిర్వహణ, మరమ్మతు నిధి మొత్తం బరువుగా ఉంటాయి. జపాన్ చట్టం ప్రకారం పాత యజమాని ఎగ్గొట్టిన బకాయిలు కొన్నవాళ్ల మీద పడతాయి. ఏ దేశంలోనైనా ఫ్లాటు కొనేముందు మూడేళ్ల సంఘం లెక్కలు, మినిట్స్ (సమావేశాల్లో రాసిన నమోదు), రిజర్వు నిధి నిల్వ, బాకీదార్ల సంఖ్య తీసుకోండి. లిఫ్టు, పైకప్పు, స్విమ్మింగ్ పూల్ మరమ్మతు ఎప్పుడు రాబోతోందో మినిట్స్‌లోనే తెలుస్తుంది.

మీది కాని నేల మీద మీ ఇల్లు. స్టాటిక్ కారవాన్‌లు, పార్కుల్లో పెట్టే రెడీమేడ్ ఇళ్లు, లీజు భూమి మీది కాటేజీలు. ఇక్కడ నేల అద్దె ఏటా ఎంత పెరగవచ్చు, లైసెన్సు ఎన్నేళ్లు, ఇల్లు ఎన్నేళ్లు పాతబడితే తీసేయమంటారు, అమ్మితే పార్కు యజమానికి కమీషన్ ఎంత అన్నవి రాతలో ఉండాలి. విలువ ఏటా తగ్గుతుంది. వాడుకుని వదిలేసే వస్తువుగా లెక్కేస్తేనే ఇది గిట్టుబాటు.

టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని వారాలు వాడుకునే వాటా. తిరిగి అమ్మడం దాదాపు అసాధ్యం, నిర్వహణ రుసుము మాత్రం ఏటా పెరుగుతుంది. దీన్ని ఈ మార్గదర్శిలో ఇల్లుగా లెక్కపెట్టలేదు.

## 4. ఏడాది ఖర్చు పట్టిక వేయండి

రెండు మూడు ప్రాంతాల ఇళ్లు పక్కపక్కన పెట్టి ఈ వరసలు నింపండి:

1. ఆస్తి పన్ను, రెండో ఇంటి అదనపు పన్ను
2. ఇంటి బీమా, వరద, గాలివాన, భూకంపం విడిగా
3. సంఘం రుసుము లేదా నేల అద్దె
4. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ కనీస చార్జీలు (మూసి ఉన్న నెలల్లో కూడా)
5. చూసుకునే మనిషి
6. మంచు తీయించడం, గడ్డి, చెట్లు, చెదల మందు, సెప్టిక్ ట్యాంకు
7. మరమ్మతు నిధి: ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే మొత్తంలో 1 నుంచి 2 శాతం, తీరంలో, మంచు ప్రాంతంలో 3 శాతం పెట్టండి
8. రాకపోకలు
9. లోను వడ్డీ

మొత్తాన్ని మొదటి అంచెలో రాసిన రాత్రుల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకెను ఆ ఊళ్లోనే మంచి అద్దె గదితో పోల్చండి. గది చవకైతే కొనడం మానుకోమని కాదు, కానీ ఎంత అదనంగా ఇస్తున్నారో తెలిసి ఇవ్వాలి.

ఈ పట్టికలో ఎక్కువగా తప్పేది మొదటి వరసే. అమ్మేవాళ్లు కట్టిన పన్ను రసీదు చూసి అదే మనకూ వస్తుందనుకుంటారు. అది వాళ్ల సొంత నివాసంగా ఉన్నప్పటి పన్ను. అమెరికాలో ఫ్లోరిడాలో సొంత నివాసానికి పన్ను మదింపు ఏటా 3 శాతానికి మించి పెరగదు, మిగతా ఇళ్లకు ఆ పరిమితి 10 శాతం. పైగా చేతులు మారినప్పుడు మదింపు మళ్లీ మార్కెట్ విలువకు పెరుగుతుంది. మిషిగన్‌లో సొంత నివాసం కాని ఇళ్ల మీద పాఠశాలల కోసం వెయ్యికి 18 వరకు అదనపు పన్ను పడుతుంది. ఫ్రాన్స్‌లో నివాస పన్ను సొంత ఇళ్లకు 2023 నుంచి పూర్తిగా పోయింది, విడిది ఇళ్లకు మాత్రం ఉంది. ఇళ్ల కొరత ఉన్న మండలాల్లో దాని మీద 5 నుంచి 60 శాతం అదనం వేసే అధికారం పురపాలికలకుంది. వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి కౌన్సిల్ పన్ను మీద 300 శాతం వరకు, ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి 100 శాతం వరకు అదనం వేయవచ్చు. నది దాటితే పన్ను మారే ప్రాంతాలివి. అందుకే కౌన్సిల్ పేరు పెట్టి అడగాలి, దేశం పేరు పెట్టి అడిగితే జవాబు రాదు.

బీమా దగ్గర రెండు మాటలు. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే నీటి నష్టం, దొంగతనం కవరు కావు, లేదా షరతులు పెరుగుతాయి. మెయిన్ వాల్వు కట్టేయడం, వారం పది రోజులకొకసారి ఎవరో వచ్చి చూసి రాసిపెట్టడం లాంటివి. ఆ షరతు మీరు పాటించగలరో లేదో చూశాకే పాలసీ తీసుకోండి. రెండోది, అమెరికా తీర రాష్ట్రాల్లో హరికేన్ నష్టానికి మీ వాటా ఒక మొత్తంగా ఉండదు, బీమా విలువలో శాతంగా ఉంటుంది. 2 శాతం అని రాస్తే, ఇంటి బీమా విలువ 100 అయినప్పుడు నష్టంలో మొదటి 2 మీరే భరించాలి. వరద మామూలు ఇంటి పాలసీలో ఉండదు. జాతీయ వరద బీమా తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుపాను పేరు టీవీలో వినపడ్డాక కొనడం దండగ.

## 5. స్థలం మీదికి వెళ్లి చూడాల్సినవి

వీలైతే ఆ ప్రాంతపు చెడ్డ కాలంలో వెళ్లండి. కొండకు వానాకాలం, మంచు ఊరికి చలి చివర, తీరానికి ఉక్కపోత రోజులు.

తీరం. ఉప్పుగాలి మొదట చిన్న వస్తువుల్ని తింటుంది. కిటికీ గొళ్లేలు, తలుపు బందులు, బాల్కనీ రెయిలింగు కాళ్ల దగ్గర చూడండి. స్లాబు అడుగున, స్తంభాల మూలల్లో కాంక్రీటు పగిలి గోధుమ రంగు చార కనిపిస్తే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోందన్నమాట. పైన సున్నం, పెయింటు వేస్తే అది ఆగదు. పగిలిన కాంక్రీటు తీసి, ఇనుము శుభ్రం చేసి, తిరిగి కవరు వేయాలి. మార్చే మరలు, బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. 304 గ్రేడు ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

కొండ వాలు. రిటైనింగ్ గోడలో (మట్టి జారకుండా కట్టే గోడ) నీళ్లు కారే రంధ్రాలు ఉన్నాయా, వాటిలోంచి వానాకాలంలో నీళ్లొస్తున్నాయా? రంధ్రాలు లేకపోయినా, పూడిపోయినా గోడ వెనక నీరు నిలిచి గోడను తోస్తుంది. గోడ పొట్ట ముందుకొచ్చి ఉంటే, చెట్ల మొదళ్లు వంగి ఉంటే వదిలేయండి. ఇంటి పైవైపు రోడ్డు ఉంటే ఆ రోడ్డు నీళ్లు ఎటు పోతున్నాయో వానలో నిలబడి చూడాల్సిందే.

మంచు ప్రాంతం. చూరు కింద తడి మరకలు, సీలింగు అంచున పసుపు చారలు కనిపిస్తే పైకప్పు మీద మంచు కరిగి, చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, నీరు వెనక్కి ఎక్కుతోందని అర్థం. అటకలో ఇన్సులేషన్ తక్కువై లోపలి వేడి పైకప్పుకు తగలడమే దీనికి మూలం. నీటి పైపులు బయటి గోడలో ఉన్నాయా, లోపలి గోడలోనా? రోడ్డు మంచు ఎవరు తీస్తారు? ఊరి పాలనా, ఆ రోడ్డు మీదున్న ఇళ్లవాళ్లా?

ఎండిన అడవి, మధ్యధరా ప్రాంతం. ఇంటి గోడ నుంచి 1.5 మీటర్ల వరకు అంటుకునేది ఏదీ ఉండకూడదు: ఎండుటాకులు, కట్టెల మోపు, గోడకు పాకిన తీగలు. పైకప్పు గాలి రంధ్రాలకు 3 మిల్లీమీటర్ల సన్న లోహపు జాలీ బిగించాలి. చాలా ఇళ్లకు నిప్పు అంటుకునేది మంటల వల్ల కాదు, ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. పోర్చుగల్, ఫ్రాన్స్‌లలో ప్రమాద ప్రాంతాల్లో ఇంటి చుట్టూ 50 మీటర్ల వరకు పొదలు కొట్టించడం యజమాని బాధ్యత, చేయకపోతే జరిమానా. ఆ ఖర్చు ఏటా ఉంటుంది.

సరస్సు, పల్లె. సెప్టిక్ ట్యాంకు ఎన్ని పడక గదులకు అనుమతి పొందిందో కాగితం చూడండి. రెండు గదుల ట్యాంకున్న ఇంట్లో పన్నెండుమంది పండక్కి దిగితే నీళ్లు వెనక్కి తన్నుతాయి. మూడు నుంచి ఐదేళ్లకొకసారి ట్యాంకు తోడించిన రసీదులు అడగండి. బావి నీటికి కోలిఫాం, నైట్రేట్ పరీక్షలు చేయించండి.

## 6. ఇల్లు మూసి వెళ్లే పద్ధతి

చవక ఇల్లు ఖరీదైన ఇల్లుగా మారేది ఇక్కడే.

గడ్డకట్టే చలి ఉన్నచోట: నీళ్లు పూర్తిగా ఖాళీ చేయడం

చలికాలంలో హీటింగ్ వదిలి వెళ్లాలనుకుంటే లోపల కనీసం 13 డిగ్రీల సెల్సియస్ ఉంచాలి. కరెంటు పోతే ఆ భరోసా కూడా పోతుంది. అందుకే నెలల తరబడి మూసేటప్పుడు నీళ్లు తీసేయడమే మేలు. వరస తప్పవద్దు:

1. గీజరు కరెంటు లేదా గ్యాసు ఆపండి. నీళ్లు చల్లబడనివ్వండి.
2. మెయిన్ వాల్వు కట్టేయండి. బావి అయితే మోటారు ఆపి, ప్రెషర్ ట్యాంకు ఖాళీ చేయండి.
3. పై అంతస్తు నుంచి కిందికి వస్తూ ప్రతి కుళాయీ తిప్పండి, వేడిదీ చల్లదీ రెండూ. షవర్లు, తోటలో కుళాయి మర్చిపోవద్దు. అన్నీ తెరిచే ఉంచండి.
4. గీజరు కింది వాల్వుకు పైపు తగిలించి ఖాళీ చేయండి. పైన వేడి కుళాయి తెరిచి ఉంటేనే గాలి లోపలికి వెళ్లి నీళ్లు దిగుతాయి.
5. ఫ్లష్ ట్యాంకు వదిలి, అడుగున మిగిలింది స్పాంజితో తీయండి.
6. ఎయిర్ కంప్రెసర్ తగిలించి, ఒక్కో కుళాయే తెరుస్తూ గాలి కొట్టండి. ఒత్తిడి 3.5 బార్ దాటకూడదు, దాటితే జాయింట్లు వదులవుతాయి.
7. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్ పంపుల్లో నీళ్లు మిగులుతాయి. డ్రెయిన్ సైకిల్ నడిపి, పైపులు విప్పండి. ఫ్రిజ్‌కు మంచుగడ్డల లైను ఉంటే అదీ, నీటి ఫిల్టరు కూడా.
8. సింకు, బాత్రూం జాలీల కింది వంపుల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వని ద్రవం) పోయండి. కారులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, అది వాడవద్దు.
9. మెయిన్ వాల్వు మీద, గీజరు స్విచ్ మీద ‘నీళ్లు లేవు, ఆన్ చేయవద్దు’ అని చీటీ కట్టండి. ఖాళీ గీజరు ఆన్ చేస్తే కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది.

నీటితో నడిచే రేడియేటర్ హీటింగ్ ఉంటే దాని పని టెక్నీషియన్‌కే వదలండి.

ఉక్క, తేమ ఉన్నచోట

లోపలి తేమ 60 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. డీహ్యూమిడిఫైయర్ 50–55 శాతం దగ్గర పెట్టి, దాని నీళ్లు పైపు ద్వారా నేరుగా డ్రెయిన్‌లోకి పోయేలా అమర్చండి. బకెట్‌లోకి వదిలితే నిండాక ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చాక దానంతటదే మొదలయ్యే రకమే కొనండి, ఇది చూడకుండా కొన్నవాళ్లకే బూజు ఇళ్లు. అలమార తలుపులు కాస్త తెరిచి, పరుపులు గోడకు ఆనకుండా నిలబెట్టండి. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడిచి, తలుపు తెరుచుకుని ఉండేలా అడ్డం పెట్టండి. డ్రెయిన్ వంపుల్లో నీళ్లు ఆరిపోతే మురుగు వాసన, బొద్దింకలు వస్తాయి. నీళ్ల మీద ఒక చెంచా మినరల్ ఆయిల్ పోస్తే త్వరగా ఆరవు.

ఉప్పుగాలి ఉన్నచోట

వెళ్లేముందు కిటికీ పట్టాలు, బందులు, ఏసీ బయటి యూనిట్ రెక్కలు మంచినీళ్లతో కడగండి. ఆరాక పట్టాలకు, బందులకు సిలికాన్ స్ప్రే కొట్టండి. బయటి కుర్చీలు లోపల పెట్టండి. తుపాను కాలమైతే షట్టర్లు దింపే మనిషెవరో ముందే తేల్చుకోండి.

## 7. తిరిగి తెరిచేటప్పుడు

ముందు నీళ్లు, తర్వాతే గీజరు కరెంటు.

కుళాయిల జాలీ మూతలు విప్పండి. అన్నిటికంటే పైనున్న కుళాయి తప్ప మిగతావన్నీ కట్టి, మెయిన్ వాల్వు పావు వంతు తిప్పండి. గాలి బుసబుసలు ఆగేదాకా ఆగండి. ఈలోగా ఒకరు ఇల్లంతా తిరిగి ఎక్కడైనా నీళ్లు కారుతున్నాయేమో చూడాలి. తర్వాత గీజరు నింపి, వేడి కుళాయిలోంచి ఆగకుండా ధార వచ్చాకే స్విచ్ వేయండి. పైపుల్లో నిలవున్న నీళ్లలో లీజియోనెల్లా (ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) పెరగవచ్చు కాబట్టి గీజరు 60 డిగ్రీలకు పెట్టి, ప్రతి కుళాయీ ఐదు నిమిషాలు వదలండి. షవర్ తల విప్పి వదిలితే తుంపర పీల్చే ప్రమాదం తగ్గుతుంది. పొగ గొట్టంలో పక్షి గూడు లేదని చూశాకే పొయ్యి వెలిగించండి.

## 8. అద్దెకు ఇచ్చి ఖర్చు రాబడదామనుకుంటే

వెబ్‌సైట్లలో కనిపించే ఆదాయం అంచనాలు పక్కనపెట్టి, ముందు లైసెన్సు దొరుకుతుందా అని అడగండి. జపాన్‌లో 2018 జూన్ చట్టం కింద ఇంటిని ఏడాదికి 180 రోజులే పర్యాటకులకు ఇవ్వవచ్చు, స్థానిక నిబంధనలు ఇంకా తగ్గిస్తాయి. స్పెయిన్‌లో 2025 ఏప్రిల్ నుంచి అపార్ట్‌మెంటులో కొత్తగా పర్యాటకులకు ఇవ్వాలంటే యజమానుల్లో ఐదింట మూడు వంతుల ఆమోదం కావాలి. బార్సిలోనా నగరం పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ 2028 నవంబరు నాటికి ఎత్తేస్తామని ప్రకటించింది. లైసెన్సు ఇంటితోపాటు వస్తుందా, అమ్మిన మనిషితో పోతుందా అన్నది అగ్రిమెంటులో రాయించుకోండి.

అమెరికాలో మీరు ఏడాదిలో 14 రోజులకు మించి సొంతంగా వాడుకునే ఇంటిని 15 రోజులకంటే తక్కువ అద్దెకిస్తే ఆ ఆదాయం మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు, ఖర్చులూ తీసివేసుకోలేరు. అంతకంటే ఎక్కువ ఇస్తే, మీ సొంత వాడకం 14 రోజులు లేదా అద్దె రోజుల్లో 10 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్ని దాటిందంటే నష్టం చూపించుకునే వీలు పోతుంది. అందుకే మీరున్న రోజులు క్యాలెండరులో రాసిపెట్టుకోండి.

## 9. తరచూ జరిగే తప్పులు

వేసవి ఇంటిని చలికాలం ఇల్లనుకోవడం. నేలలో పైపులు పై పైన వేసి ఉంటాయి, గోడల్లో ఇన్సులేషన్ ఉండదు. మార్చడానికి వచ్చిన కొటేషన్ చూసి కొనండి.

చూసుకునే మనిషికి తాళాలిచ్చి పని చెప్పకపోవడం. ఒక పేజీ చీటీ కావాలి: ఏ రోజు రావాలి, ఏ వాల్వు ఎక్కడుంది, ఏ నాలుగు ఫోటోలు పంపాలి (మీటరు, గీజరు కింద నేల, సీలింగు మూల, వెనక తలుపు), ఎంతదాకా అడగకుండా ఖర్చుపెట్టవచ్చు.

అన్నదమ్ములో, స్నేహితులో కలిసి కొని రాసుకోకపోవడం. ఎవరికి ఏ వారాలు, మరమ్మతుకు ఎవరి వాటా ఎంత, ఒకరు తప్పుకుంటే ధర ఎలా కడతారు. పండగ వారం మీదే గొడవ మొదలవుతుంది, దాన్ని ఏటా వంతులు వేసుకోండి.

దూరం నుంచి సెన్సర్ పెట్టి నిశ్చింతగా ఉండటం. కరెంటు పోతే వైఫై పోతుంది. బ్యాటరీ, సిమ్ ఉన్న ఉష్ణోగ్రత–నీటి సెన్సర్ కావాలి. హెచ్చరిక వచ్చాక అరగంటలో అక్కడికి వెళ్లగల మనిషీ కావాలి.

## 10. అమ్మే దారి కొనేరోజే చూసుకోండి

స్పెయిన్‌లో అక్కడ నివాసం లేనివాళ్లు అమ్మితే కొనేవాళ్లు ధరలో 3 శాతం పట్టుకుని పన్ను శాఖకు కడతారు. అమెరికాలో విదేశీయులు అమ్మితే సాధారణంగా 15 శాతం. రిటర్ను వేశాక లెక్క తేలి మిగిలింది తిరిగొస్తుంది, నెలలు పట్టవచ్చు. ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొనే పని పెట్టుకోవద్దు.

వారసత్వం కూడా ఇల్లున్న దేశపు చట్టం ప్రకారమే ఉండవచ్చు. ఫ్రాన్స్ చట్టంలో పిల్లలకు తప్పనిసరి వాటా ఉంటుంది. కొనే ముందే ఎవరెవరి పేర్లు దస్తావేజులో ఉండాలో లాయరుతో మాట్లాడండి.

పైకప్పు మార్చడం, గది కలపడం లాంటి శాశ్వత పనుల బిల్లులు విడి ఫైలులో పెట్టండి: పనివాళ్ల పన్ను నంబరు, బ్యాంకు చెల్లింపు రుజువు, పనికి ముందు తర్వాత ఫోటోలు. చాలా దేశాల్లో ఇవి కొన్న ధరకు కలిసి, లాభం మీది పన్ను తగ్గిస్తాయి. సున్నం వేయించడం, కుళాయి మరమ్మతులు ఆ లెక్కలోకి రావు. చేతికి నగదిచ్చి చేయించుకున్న పనికి బిల్లు లేకపోతే అదీ రాదు.